మద్రాసు శాసన నిర్మాణసభ తొలి దశ (1861-1899): కృష్ణా మెట్టసీమలో చట్టం, ప్రాతినిధ్యం

1. ఉపోద్ఘాతం

మద్రాసు రాజధాని శాసన నిర్మాణసభ చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది దానిని మద్రాసు నగరం నుంచి చూసి రాశారు. సెయింట్ జార్జి కోటలో ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు ఏ వర్గానికి చెందినవారు, నామినేషన్ నుంచి ఎన్నిక దాకా సభ ఎలా పరిణమించింది అన్నవే ఆ రచనలలో ప్రధానాంశాలు. సభ చేసిన చట్టం ఏ పల్లెలో ఎవరి గడప తొక్కిందన్న ప్రశ్న వాటిలో అరుదుగా వినిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను కృష్ణా జిల్లా మెట్టసీమ నుంచి, అంటే నందిగామ, జగ్గయ్యపేట, జి.కొండూరు, మైలవరం ప్రాంతాల నుంచి వేస్తుంది.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు అందిన పల్లపు డెల్టా గురించి ప్రభుత్వ నివేదికలూ తరువాతి చరిత్రకారులూ విస్తారంగా రాశారు. ఆ నీరు ఎక్కని మెట్టకు అంతటి శ్రద్ధ దక్కలేదు. జొన్న, పత్తి, ఆముదం పండే ఈ నేలలో రైతుకు ప్రభుత్వం కాలువ రూపంలో కనబడలేదు. శిస్తు, పట్టా, సెస్సు, అడవి హద్దురాయి రూపాల్లో కనబడింది. వీటన్నిటి వెనుకా 1861 తరువాత మద్రాసు సభ చేసిన చట్టాలున్నాయి.

2. శాసనాధికారం పోయి తిరిగి వచ్చిన తీరు

మద్రాసు ప్రభుత్వానికి పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలోనే సొంతంగా రెగ్యులేషన్లు చేసే అధికారం ఉండేది. శాశ్వత శిస్తు నిర్ణయానికి సంబంధించిన 1802 నాటి 25వ రెగ్యులేషన్, పట్టాల మార్పిడికి సంబంధించిన 30వ రెగ్యులేషన్ ఆ అధికారంతో చేసినవే. 1833 చార్టర్ చట్టం ఈ అధికారాన్ని తొలగించి శాసన నిర్మాణాన్నంతటినీ కలకత్తాలో కేంద్రీకరించింది. 1853 చార్టర్ చట్టం కలకత్తా సభలో మద్రాసు ప్రతినిధికి ఒక స్థానం కల్పించింది. ఆ ప్రతినిధి కూడా ఉద్యోగి వర్గానికి చెందినవాడే. నందిగామ తాలూకా రైతు తన ఇబ్బంది చెప్పుకోవాలంటే కలెక్టరుకు అర్జీ పెట్టుకోవడమే ఏకైక మార్గం.

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1861 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం మద్రాసుకు శాసనాధికారాన్ని తిరిగి ఇచ్చింది. గవర్నరు కార్యనిర్వాహక మండలికి, శాసనాలు చేసే సందర్భంలో మాత్రమే, అడ్వొకేట్ జనరల్‌తోపాటు నలుగురికి తగ్గకుండా, ఎనిమిదిమందికి మించకుండా అదనపు సభ్యులను చేర్చుకోవచ్చు. వారిలో కనీసం సగంమంది ప్రభుత్వోద్యోగులు కానివారై ఉండాలి. పదవీకాలం రెండేళ్ళు. నియామకం పూర్తిగా గవర్నరుది.

ఈ ఏర్పాటును 'చిన్న పార్లమెంటు' అనడం పొరపాటు. చట్టం ఆ పోలికకు తావివ్వకుండా జాగ్రత్తపడింది. తన ముందుకు వచ్చిన బిల్లును పరిశీలించి ఆమోదించడం తప్ప సభకు వేరే పని ఉండకూడదని అది స్పష్టంగా నిర్దేశించింది. ప్రభుత్వాన్ని ప్రశ్న అడగరాదు. జమాఖర్చులు చర్చించరాదు. ప్రభుత్వ ఆదాయాన్ని తాకే ప్రతిపాదన ఏదైనా గవర్నరు ముందస్తు అనుమతితోనే రావాలి. నాణేలు, తపాలా, శిక్షాస్మృతి, మతాచారాల వంటి విషయాలకు గవర్నరు జనరల్ అనుమతి కూడా అవసరం. సభ ఆమోదించిన బిల్లుకు గవర్నరు సమ్మతి, తరువాత గవర్నరు జనరల్ సమ్మతి కావాలి. ఆ పైన రాణి ప్రభుత్వం దానిని రద్దు చేయవచ్చు. సమావేశం ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా గవర్నరు ఇష్టమే. ఏడాదికి సభ కూడిన దినాలు పద్దెనిమిదికి మించలేదు. కొన్ని సంవత్సరాల్లో ఒక్కసారి కూడా కూడలేదు. అది కార్యనిర్వాహక వర్గం తన ముసాయిదాలను చదివించుకోవడానికి పెట్టుకున్న సంఘమనే చెప్పాలి.

3. సభలో కూర్చున్న తెలుగువారు

తొలి భారతీయ సభ్యుడు వెంబాకం సదగోపాచార్యులు. ఆయన తరువాత 1863లో నియమితుడైన గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806-1868) మద్రాసు తెలుగు వర్తక కుటుంబానికి చెందినవాడు. 1844లో 'క్రెసెంట్' పత్రికను నెలకొల్పాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపనకు మూలపురుషుడయ్యాడు. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారని ఆ సంఘం పార్లమెంటుకు అర్జీ పంపింది. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసుకు వచ్చినపుడు లక్ష్మీనరసు ఆయనను జిల్లాలలో తిప్పి పరిస్థితి చూపించాడు. దాని ఫలితంగా ఏర్పడిన హింసల విచారణ సంఘం 1855లో నివేదిక సమర్పిస్తూ, వసూళ్ళలో చిత్రహింస నిజమేనని అంగీకరించింది.

పదేళ్ళ క్రితం రైతు పక్షాన పార్లమెంటు దాకా వెళ్ళిన ఈ వ్యక్తి, మరణించేవరకు సభ్యుడుగా ఉండి కూడా, సభలో ప్రభుత్వాన్ని ఒక్క ప్రశ్న అడిగే హక్కు లేకుండానే ఉన్నాడు. అర్జీదారుగా ఆయనకు ఉన్నంత గొంతు శాసనకర్తగా ఆయనకు లేదు. తొలి ముప్పయ్యేళ్ళ సభ స్వభావాన్ని తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తరువాతి నామినేటెడ్ సభ్యులలో విశాఖపట్నానికి చెందిన గజపతిరావు, రెవెన్యూ వ్యవహారాల్లో నిపుణుడైన పల్లె చెంచలరావు వంటి తెలుగువారున్నారు. నామినేషన్ పొందినవారంతా జమీందారులో, ఉన్నతోద్యోగాలు చేసినవారో, మద్రాసు వర్తకులో, పేరుపొందిన వకీళ్ళో. వారి యోగ్యతను శంకించనక్కరలేదు. అయితే పట్టాదారు రైతుగా, ఆ హోదాతో, సభలో అడుగుపెట్టినవారు వారిలో లేరు.

4. ఒకే తాలూకాలో మూడు రకాల నేల, రెండు రాజ్యాలు

సభ చేసిన చట్టం ఈ మెట్టసీమలో ఎలా పనిచేసిందో తెలుసుకోవాలంటే ముందుగా ఇక్కడి భూమి చరిత్రను చూడాలి. బేతవోలు గ్రామం దగ్గర తన తండ్రి పేరిట జగ్గయ్యపేటను కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించాడు. దత్తపుత్రుల వ్యాజ్యాలతో, బకాయిలతో ఆ మహా జమీందారీ కుంగిపోయి 1840లలో ప్రభుత్వం వశమైంది. అలా ప్రభుత్వం చేతికి వచ్చిన గ్రామాలు రైత్వారీ అయ్యాయి. మైలవరం వంటి జమీందారీలు మాత్రం కొనసాగాయి. వీటి నడుమ అగ్రహారాలు, ఇనాములు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఫలితంగా ఒక రైతు ప్రభుత్వ పట్టాదారు, పొలిమేర దాటితే అతని బావమరిది జమీందారు రైతు, ఇంకొంచెం దూరంలో వారి బంధువు ఇనాందారు కౌలుదారు. ముగ్గురికీ వర్తించే చట్టాలు వేరు.

దీనికి తోడు రాజ్యాల సరిహద్దు కూడా చిత్రమైనదే. నందిగామ తాలూకాలో భాగమైన మునగాల జమీందారీ చుట్టూ నిజాం రాజ్యమే. అయినా అక్కడ నడిచింది మద్రాసు సభ చట్టం. ఇటు కంచికచర్ల దగ్గరి పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలు చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉన్నప్పటికీ నిజాం భూభాగమే. 1766లో ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి ఇచ్చినపుడు వజ్రాల గనులున్న ఆ గ్రామాలను నిజాం తన దగ్గరే ఉంచుకున్నాడు. జి.కొండూరు నుంచి పరిటాలకు నడిచి వెళ్ళే మనిషి కొన్ని కోసుల్లోనే మద్రాసు సభ అధికారం నుంచి బయటపడి హైదరాబాదు ఫర్మానాల కిందికి వచ్చేవాడు. శాసనాధికార పరిధి అన్న భావనను పాఠ్యగ్రంథాల్లో వెతుక్కోనక్కరలేకుండా కాలినడకన తెలుసుకోగలిగిన ప్రాంతమిది.

5. 1865: పట్టా, ముచ్చిలికా, జప్తు

జమీందారీ గ్రామాల రైతుకు సంబంధించినంతవరకు తొలి దశలో సభ చేసిన అతిముఖ్యమైన శాసనం 1865 నాటి 8వ చట్టం, అంటే మద్రాసు శిస్తు వసూలు చట్టం. దీని నిర్మాణాన్ని కొంత వివరంగా చూడాలి.

మొదటి సూత్రం: జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు దానికి బదులుగా ముచ్చిలికా రాసివ్వాలి. ఈ మార్పిడి జరగనిదే, కనీసం చట్టప్రకారం పట్టా ఇవ్వజూపనిదే, జమీందారు శిస్తు కోసం దావా వేయరాదు, చట్టం ఇచ్చిన ఇతర వసూలు మార్గాలను వాడుకోరాదు. ఉభయులూ దీనిని వదులుకున్న సందర్భంలో మినహాయింపు ఉంది. నోటిమాటతో, కరణం లెక్కతో నడుస్తున్న వ్యవహారాన్ని కాగితం మీదికి తేవడం దీని ఉద్దేశం.

రెండవది 11వ సెక్షను. శిస్తు ఎంతన్న వివాదం వస్తే కలెక్టరు ఏ క్రమంలో నిర్ణయించాలో అది చెబుతుంది. రాతపూర్వకంగానో ప్రవర్తన ద్వారానో ఉన్న ఒప్పందం మొదటిది. అది లేకపోతే 1859కి ముందు సర్వే జరిగి నిర్ణయమైన రేటు. అదీ లేకపోతే స్థానికాచారం, పొరుగు భూముల రేట్లు. ఇవేవీ తేలకపోతే వరం పద్ధతి, అంటే పంటలో పాలు. ఈ సెక్షను భాష నిష్పాక్షికంగానే కనిపిస్తుంది. ఆచరణలో దాని బరువంతా 'ప్రవర్తన ద్వారా ఏర్పడిన ఒప్పందం' అన్న మాట మీద పడింది. ఒక రైతు గత్యంతరం లేక కొన్నేళ్ళపాటు ఎక్కువ శిస్తు కడితే అదే ఒప్పందమని జమీందారు వాదించవచ్చు. ఊరంతా కలిసి ఒక మొత్తానికి ఒప్పుకుని లోలోపల పంచుకునే వీసబడి వంటి పద్ధతులకు అలవాటుపడిన ప్రాంతంలో ఒక్కొక్క రైతు విడివిడిగా ఒప్పందం చేసుకున్నాడని భావించడమే పల్లె అనుభవానికి దూరమైన ఊహ.

మూడవది జప్తు. శిస్తు బకాయిపడితే కోర్టుకు పోకుండానే, నిర్ణీత పద్ధతిలో, రైతు పంటను, చరాస్తిని జప్తు చేయించి అమ్మించే అధికారం జమీందారుకు దక్కింది. జప్తును ఆక్షేపించదలచిన రైతు గడువులోగా కలెక్టరు దగ్గర సరాసరి దావా వేసుకోవాలి. జప్తు జరిగేది ఊళ్ళో, కళ్ళంలో. దావా వేయవలసింది రెవెన్యూ అధికారి మకాంలో. పంట కళ్ళంలో ఉండగా ఎద్దుబండి కట్టించుకుని అధికారి ఎక్కడ మకాం ఉన్నాడో వెతుక్కుంటూ పోవలసిన రైతుకూ, గుమాస్తాలూ వకీళ్ళూ ఉన్న జమీందారుకూ ఈ చట్టం ఒకే గడువు పెట్టింది.

అన్నిటికంటె పెద్ద లోపం చట్టం చెప్పకుండా వదిలేసిన విషయంలో ఉంది. జమీందారీ రైతు తరతరాలుగా దున్నుతున్న భూమిపై అతనికి శాశ్వత స్వాధీన హక్కు ఉందా, లేక అతను ఏటికేడాది కౌలుదారు మాత్రమేనా? 1865 చట్టం దీనికి సూటి సమాధానం ఇవ్వలేదు. అకారణంగా వెళ్ళగొడితే దావా వేయవచ్చన్నది కాని, కారణం అంటే ఏమిటో తేల్చలేదు. దాని తరువాతి ముప్పయ్యేళ్ళ వ్యాజ్యాలకు మూలం ఈ మౌనమే. రైతు తరఫున అడిగేవారు సభలో లేకపోవడానికీ ఈ మౌనానికీ సంబంధం లేదనడం కష్టం.

6. సెస్సు, అడవి

1871 నాటి 4వ చట్టం స్థానిక నిధుల కోసం భూమి మీద సెస్సు విధించింది. రోడ్లు, బడులు, వైద్యశాలలు దాని ప్రయోజనాలు. 1884 నాటి 5వ చట్టం ఈ ఏర్పాటును సంస్కరించి జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ పంచాయతీ అనే మూడంచెల స్థానిక సంస్థలను నెలకొల్పింది. జమీందారీలలో సెస్సు కట్టేది జమీందారే అయినా అందులో సగం రైతు దగ్గర రాబట్టుకోవచ్చు.

1882 నాటి 5వ చట్టం, అంటే మద్రాసు అటవీ చట్టం, చరిత్ర కొంత భిన్నమైనది. 1878 నాటి భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం తన రాజధానికి వర్తింపజేయడానికి వెనుకాడింది. అడవి మీద గ్రామాలకు అనాదిగా హక్కులున్నాయన్నది మద్రాసు రెవెన్యూ బోర్డు వాదన. అటవీ శాఖాధిపతి డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసుకు వచ్చి పరిశీలించిన తరువాతే ఈ చట్టం రూపొందింది. రిజర్వు అడవిగా ప్రకటించదలచినపుడు తాలూకా కేంద్రంలోను, చుట్టుపక్కల గ్రామాల్లోను ప్రకటన చేయాలి. హక్కుదారులకు మూడునెలలకు తగ్గకుండా గడువివ్వాలి. ఒక అధికారి వారి వాదనలు విని నిర్ణయించాలి.

కాగితం మీద ఇది న్యాయమైన పద్ధతే, పైగా ఉత్తర భారతంలో నడిచిన దానికంటె మెరుగు. కాని పశువులు మేపుకోవడం, వంటచెరకు, నాగలికర్ర, ఎరువుకోసం ఆకు తెచ్చుకోవడం ఇవన్నీ పల్లెవారు హక్కని పేరు పెట్టుకుని చేసినవి కావు. కొండపల్లి కొండల పాదాన ఉన్న పల్లెలకు, తెల్లపొణికి కొయ్య మీద ఆధారపడిన బొమ్మల పనివారికి అడవి రోజువారీ బతుకులో భాగం. మూడునెలల్లో రాసి ఇచ్చి రుజువు చేసుకోకపోతే పోయే హక్కు అన్న భావనే వారికి కొత్త. సభలో ఆంగ్లంలో చర్చించి, ఆంగ్లంలో ముద్రించిన చట్టం, తెలుగులో దండోరాగా చేరేసరికి మిగిలేది గడువు తేదీ మాత్రమే.

7. 1892: ఎన్నిక అనకుండా ఎన్నిక

1884 మే నెలలో మద్రాసు మహాజనసభ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు పి.రంగయ్యనాయుడు. 1885లో పుట్టిన కాంగ్రెసు తన తొలి సమావేశంలోనే శాసనసభల విస్తరణ కోరింది. 1887 డిసెంబరులో మూడవ కాంగ్రెసు మద్రాసులో జరగడంతో ఈ కోరిక జిల్లాలకు పాకింది. ఎ.సి.పార్థసారథినాయుడు మద్రాసు నుంచి నడిపిన 'ఆంధ్రప్రకాశిక' వంటి పత్రికలు తెలుగు చదివేవారికి ఈ చర్చను అందించాయి.

1892 మార్చి 28న బ్రిటిష్ కామన్స్ సభలో కొత్త బిల్లుపై చర్చ సాగింది. ఎన్నిక సూత్రాన్ని చేర్చాలని ష్వాన్ తెచ్చిన సవరణ చివరికి ఉపసంహరించబడింది. ఆమోదం పొందిన చట్టంలో 'ఎన్నిక' అన్న మాటే లేదు. కొన్ని సంస్థలు పేర్లను 'సిఫార్సు' చేస్తాయి, గవర్నరు వారిని 'నామినేట్' చేస్తాడు. మద్రాసు సభలో అదనపు సభ్యుల గరిష్ఠ సంఖ్య 20కి పెరిగింది. మద్రాసు నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయం, వర్తకసంఘం, జిల్లా బోర్డుల సమూహాలు, పురపాలక సంఘాల సమూహాలు సిఫార్సు హక్కు పొందాయి. సభ్యులు ముందస్తు నోటీసుతో ప్రశ్నలు అడగవచ్చు, జవాబుపై అనుబంధ ప్రశ్న వేయరాదు. బడ్జెటును చర్చించవచ్చు, దానిపై ఓటు లేదు.

ఈ ఏర్పాటులో జి.కొండూరు రైతు ఎక్కడున్నాడో లెక్కగట్టడం ఆసక్తికరం. బెజవాడ 1888లో పురపాలక సంఘమైంది. గుంటూరు, మచిలీపట్నం 1866 నుంచే పురపాలక సంఘాలు. మెట్టలో జగ్గయ్యపేట పెద్ద వర్తకకేంద్రమే అయినా అప్పటికి పురపాలక హోదా లేదు. కనుక మెట్టకు మిగిలింది జిల్లా బోర్డు దారి ఒక్కటే. ఆ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరు. దిగువన తాలూకా బోర్డులోను ప్రభుత్వం నియమించినవారిదే ప్రాబల్యం. అంతకు దిగువన యూనియన్ పంచాయతీలో గ్రామ మునసబులు హోదాను బట్టి సభ్యులు. ఆ మెట్లన్నీ ఎక్కి, పలు జిల్లాల బోర్డులు కలిసి పంపే ఒకే ఒక్క మనిషి మద్రాసు చేరేవాడు. రైతు నుంచి సభ్యుడి దాకా ఉన్న ఆ వరుసలో రైతు స్వయంగా ఓటువేసిన మెట్టు చూపడం కష్టం.

ప్రయాణమూ అంతే. బెజవాడ నుంచి కొండపల్లి మీదుగా నిజాం రైలు 1889లో సికింద్రాబాదు దాకా నడిచింది. బెజవాడ, మద్రాసుల మధ్య నేరు రైలుమార్గం 1899లో గాని పూర్తికాలేదు. పదేళ్ళపాటు ఈ మెట్టవారికి తమకు చట్టాలు చేసే పట్టణం కంటె పొరుగు రాజ్యపు రాజధానే దగ్గర.

అయినా 1892 సంస్కరణను తీసిపారేయలేం. దాని కింద సభలోకి వచ్చినవారు మునుపటివారి వలె గవర్నరు దయకు మాత్రమే బద్ధులు కారు. రాజమహేంద్రవరం న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు, నగరపాలక సంస్థ పంపిన రంగయ్యనాయుడు, ఉత్తరపు పురపాలక సంఘాల తరఫున తరువాత వచ్చిన కృత్తివెంటి పేర్రాజు పంతులు ప్రశ్నల హక్కును పనిముట్టుగా మలచుకున్నవారు. చిత్తూరు ప్రాంతపు కట్టమంచిలో పుట్టి 1891 నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు కేంద్ర శాసనసభకు వెళ్ళాడు. లక్ష్మీనరసు శెట్టికి లేని ప్రశ్నహక్కు వీరికి దక్కింది. అడిగిన ప్రశ్నా, ప్రభుత్వ జవాబూ అచ్చులోకి రావడం వల్ల జిల్లా పత్రికలకు, సంఘాలకు ఆధారం దొరికింది.

8. సభ వదిలేసినదాన్ని న్యాయస్థానం పూరించడం

1865 చట్టం తేల్చని స్వాధీన హక్కు సమస్యను చివరికి పైకి తెచ్చింది సభ కాదు, మద్రాసు హైకోర్టు. వెంకటనరసింహ నాయుడు, దండమూడి కోటయ్యల మధ్య నడిచిన వ్యాజ్యంలో 1897లో వెలువడిన తీర్పు, జమీందారీ రైతును కేవలం ఏటికేడాది కౌలుదారుగా భావించరాదని చెప్పింది. జమీందారుకు శిస్తులో వాటా ఉన్నట్లే రైతుకు భూమిలో హక్కు ఉన్నదన్నది దాని సారాంశం. రైతును వెళ్ళగొట్టే అధికారం తనకుందని చెప్పుకునే జమీందారే దానిని రుజువు చేసుకోవాలి. అంతకుముందు రుజువు భారం తరచు రైతు నెత్తిన పడేది. సన్నదులు, లెక్కలు జమీందారు కచేరీలో ఉండగా రైతును రుజువు తెమ్మనడం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ తీర్పుతో పేరు ముడిపడిన న్యాయమూర్తి ఎస్.సుబ్రహ్మణ్య అయ్యరు 1884లో శాసనసభకు నామినేట్ అయినవాడు, 1895లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. సభలో సభ్యుడుగా ఆ కాలపు నియమాల కింద ఆయన ఎత్తడానికి వీలులేని విషయాన్ని న్యాయపీఠం మీద నుంచి తేల్చగలిగాడు.

ఈ తీర్పు జమీందారులలో ఆందోళన రేపింది. సభ తిరిగి ఈ విషయాన్ని చేపట్టక తప్పలేదు. ముసాయిదాలు, సంప్రదింపులు, అభ్యంతరాలు దాటుకుని 1908 నాటి 1వ చట్టం, అంటే మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, వెలువడింది. దాని 6వ సెక్షను స్వాధీనంలో ఉన్న రైతుకు శాశ్వత హక్కును చట్టరీత్యా గుర్తించింది. మింటో-మార్లే సంస్కరణలు ఇంకా రాలేదు. 1892 నాటి సిఫార్సుల సభే దీనిని ఆమోదించింది.

కొత్త చట్టంతో పట్టా చెల్లుబాటు, శిస్తు పెంపు, జప్తు పద్ధతి అన్నీ మళ్ళీ రాయబడ్డాయి. మైలవరం వైపు గ్రామాల రైతులకూ, నిజాం రాజ్యం నడుమనున్న మునగాల రైతులకూ ఒకే సెక్షను వర్తించింది. పరిటాలకు అది వర్తించలేదు. మునగాలలో 6వ సెక్షను పుస్తకంలో ఉండగానే వెట్టిచాకిరీ, భూముల స్వాధీనం మీద తగాదాలు ఆగలేదు. 1930లలో అక్కడి రైతులు జమీందారుకు ఎదురునిలిచి ఉద్యమం నడపవలసి వచ్చింది.